ఎడమ వెనక టైరు, మా చిన్నాయన

మా చిన్నాయన దినాలనాడు భోజనాల పందిట్లో ఒకాయన లేచి, పోయినవాడు దేవుడు, ఎవరినీ ఒక్క మాట అని ఎరగడు అన్నాడు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఆ మాట అబద్ధం. నన్ను ఎన్ని మాటలన్నాడో, ఎవరి ముందు అన్నాడో నాకు తెలుసు. వాటన్నిటినీ తుడిచేసి దేవుణ్ణి చేస్తే, మిగిలేది మా చిన్నాయన కాదు, ఇంకెవరో. అందుకని నాకు తెలిసిన మనిషిని రాసి పెడుతున్నాను.

నన్ను ఆయన పేరు పెట్టి పిలిచింది తక్కువ. ‘అర్జీ’ అనేవాడు. మా వీధిలో దీపం వెలగకపోయినా, కొళాయి రాకపోయినా మున్సిపాలిటీకి రాసేది నేనే. నేను రాసినందుకే దీపం వెలిగింది. ఆ దీపం కిందే కూర్చుని ఆయన బీడీ కాల్చుకునేవాడు. అయినా కొత్తవాళ్ళు ఎవరైనా వస్తే, “ఇదో, మా అన్న కొడుకు. వాన పడినా అర్జీ పెడతాడు, పడకపోయినా పెడతాడు” అని పరిచయం చేసేవాడు. నా పెళ్ళిచూపుల్లోనూ అదే పరిచయం.

అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. కేజీఎఫ్ బంగారు గనులు మూతపడక ముందు ఆయన షాఫ్ట్ దగ్గర పనిచేసేవాడు. మనుషులను కిందికి దించి పైకి తెచ్చే కేజ్ తలుపు వేసి, గంట కొట్టి సైగ చేయడం ఆయన పని. నా చిన్నప్పుడు ఒకసారి, పైవాళ్ళను అడిగి మమ్మల్ని లోపలికి తీసుకుపోయి చూపిస్తానని మాట ఇచ్చాడు. ఆ రోజు నేను తెల్లారకముందే తల దువ్వుకుని గడపలో కూర్చున్నాను. ఆయన వచ్చి మా అన్నను ఒక్కణ్ణే తీసుకుపోయాడు. ఎందుకని అడిగితే జవాబు లేదు. తర్వాత గనులు మూసేశారు, లోపల నీళ్ళు నిండాయి. ఇక ఆ మాట నిలబెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. వీలైనప్పుడల్లా నేను ఆయనకు ఈ సంగతి గుర్తుచేసేవాణ్ణి. “సుమ్నే ఉండప్పా”, ఊరికే ఉండమని, లేచి వెళ్ళిపోయేవాడు.

గని పోయినా ఆ సైగ అలవాటు మాత్రం ఆయన చేతిని వదల్లేదు. ఏ బండి కదిలించాలన్నా ముందు దాని ఒంటి మీద పిడికిలితో రెండు దెబ్బలు కొట్టేవాడు. లోపలున్నవాళ్ళు తిరిగి రెండు కొట్టాలి. కొట్టకపోతే కదిలించడు. స్కూటరు వెనక కూర్చున్నవాళ్ళు ఆయన వీపు మీద కొట్టాలి. చిన్నమ్మ కాస్త గట్టిగానే కొట్టేది.

కరోనాలో బడులు మూతపడి వ్యాన్లు చవగ్గా అమ్మేసినప్పుడు ఆయన ఒకటి కొన్నాడు. సీట్లు పీకేసి రెండు పడకలు వేయించాడు. గ్యాస్ పొయ్యి, మడతబల్ల, నీళ్ళ డ్రమ్ము, చిన్నమ్మ పాత చీరలతో కిటికీలకు తెరలు. రంగు మాత్రం పసుపుదే ఉంచేశాడు. అందువల్ల ఊరు దాటేలోగా ఎక్కడో ఒకచోట యూనిఫాం పిల్లలు చెయ్యెత్తి ఆపేవాళ్ళు. బయటి ఊళ్ళలో దాన్ని క్యారవాన్ అంటారట. మా పేటలో ఇల్లుబండి అన్నారు. ఆయన బయల్దేరేముందు దాని చుట్టూ తిరిగి, ఒక్కొక్క టైరునూ మడమతో తన్ని, “అంతా సరిగ్గానే ఉండాది” అనేవాడు. ఆ మాట అన్నాక ఏదో ఒకటి సరిగ్గా లేకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఉదాహరణకు స్టెప్నీ. స్టెప్నీ ఉండాల్సిన చోట నీళ్ళ డ్రమ్ము పెట్టాడు. ఇది తప్పని చెప్పాను.

“స్టెప్నీ పెట్టుకొని పోయేదంటే పంచర్ను ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చినట్టప్పా” అన్నాడు.

చిన్నమ్మకు ఆ బండి మీద నాకంటే ఎక్కువ కోపం. క్యాసంబళ్ళిలో వాళ్ళ చెల్లెలి కూతురి పెళ్ళికి పోతూ ఇల్లుబండి దారిలో నిలబడిపోతే, ఆమె పట్టుచీరతో టమాటా లోడు వెనకెక్కి పెళ్ళికి చేరింది. ముహూర్తం అయిపోయింది. ఆ తర్వాత ఒకసారి దాన్ని ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొస్తే పేటంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. బంగారుపేటలో ఒక కోళ్ళ వ్యాపారి, కోళ్ళు తోలడానికి ఆ బండి కావాలని అడుగుతున్నాడు. చిన్నమ్మ ఆయనకు ఇచ్చేద్దామంది.

“నా బండిలో కోళ్ళా?” అన్నాడు చిన్నాయన. ఆయన గొంతు అంత సన్నబడటం నేను వినడం అదే మొదటిసారి. ఇంట్లో ఆయన మాట చెల్లేది ఆ బండి లోపలే. ముసలితనంలో ఆయన దేన్నయినా అడిగింది అదొక్కటే.

“సరే, కడా తూరి, ఇదే ఆఖరు” అంది చిన్నమ్మ. “కురుడుమలె వినాయకునికి మొక్కుకొని, శ్రీనివాసపురం, కోలారు చుట్టుకొని రా. దావలో నిలబడిపోతే, ఎవురి బండికో కట్టి ఈడ్చుకొనొస్తే, అదే రోజు కోళ్ళాయనకు ఇచ్చేస్తా.”

“నిలబడకపోతే?”

“నీ కాళ్ళూ చేతులూ ఆడేంతకాలం తిప్పుకో. ఇంగ నేను మాట్లాడను.”

“నిలబడలేదని నేనొచ్చి చెప్తే నమ్ముతావా?”

“నిన్నెవురు నమ్మేది? వీణ్ణి తీసకపో.” ఆమె వేలు నా వైపు తిరిగింది. “తప్పు కనబడితే కన్నతల్లినైనా వదిలే రకం కాదు వీడు.”

మా ఇంటివాళ్ళు నాకు జీవితంలో ఇచ్చిన యోగ్యతాపత్రం అదొక్కటే. అలా నేను సాక్షిగా ఇల్లుబండి ఎక్కాను.

ఎక్కిన గడియ నుంచి ఆయన మారిపోయాడు. ‘అర్జీ’ పోయి ‘నాయనా’ వచ్చింది. కిటికీ పక్క పడక నాకు, తలుపు పక్కది ఆయనకు. బేతమంగళంలో వేడి ఇడ్లీ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఇవన్నీ దేనికో తెలియనంత అమాయకుణ్ణి కాను. ఇడ్లీ మాత్రం తిన్నాను.

మా వైపు ఏది మొదలుపెట్టినా కురుడుమలెలో మొక్కుకోవాలి. బండికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. అక్కడికి పోయాక చూస్తే నిమ్మకాయలు తేలేదు. కొనుక్కొస్తానన్నాను. ఆయన అప్పటికే బండి ముందుకు పోయి, చిన్నమ్మ దిష్టికి కట్టిన నిమ్మకాయల దండ విప్పి కాయలు పీకుతున్నాడు.

“అవి దిష్టివి చిన్నాయనా. టైర్ల కింద పెట్టకూడదు.”

“నిమ్మకాయ నిమ్మకాయేనప్పా. దానికి తెలుస్తుందా యాడ కట్టినారో?”

పూజారి కూడా ఒకసారి వాటి వైపు, ఒకసారి ఆయన వైపు చూశాడు. “కొత్తవి లేవా?”

“మా ఇంటివి స్వామీ. ఇంటివాటికంటే కొత్తవి యాడుంటాయి?”

“వద్దంటున్నాను” అన్నాను నేను మళ్ళీ.

“నిన్ను వినాయకుడు వకీలుగా పెట్టుకున్నాడా?” అన్నాడు. పూజారి నవ్వాడు. వెనక కార్లో వచ్చినవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. ఆయన రెండు దెబ్బలు కొట్టాడు, నేను లోపలి నుంచి రెండు కొట్టాను. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు వినిపించింది.

ఆ సాయంత్రం శ్రీనివాసపురం దగ్గర ఆయనకు తెలిసినవాళ్ళ మామిడి తోపులో బండి ఆపాం. చిన్నాయన రాగిసంకటి కెలికి, పప్పు తాలింపు పెట్టాడు. వంట బాగా చేసేవాడు, అది ఒప్పుకోవాలి. మడతబల్ల మీద కంచాలు పెట్టుకుని కూర్చున్నాం. నా కంచంలో పప్పు ఎడమ పక్కకు పోయి నిలబడింది. ఆయన కంచంలోనూ అంతే.

“బండి ఎడమకు వాలింది చిన్నాయనా. ఎడమ వెనక టైరులో గాలి పోతోంది.”

“నేల వాలప్పా. తోపులో నేల అట్లే ఉంటుంది.”

“అయితే బండి తిప్పి పెట్టు. నేల వాలయితే పప్పు కుడికి రావాలి.”

సంకటి చల్లారిపోతుందని ఆయన చాలాసేపు గొణిగాడు. నేను ముద్ద ముట్టలేదు. చివరికి లేచి బండి తిప్పాడు. మళ్ళీ కూర్చున్నాం. పప్పు మళ్ళీ ఎడమ పక్కకే పోయింది. ఆయన దాని వైపు చూసి, సంకటి ముద్దను పప్పు ఉన్న వైపే ముంచుకుని తిన్నాడు. ఆయన ఓడిపోయినప్పుడు ఒప్పుకునే పద్ధతి అప్పటిదాకా అదీ.

మర్నాడు టైరు సగానికి దిగి ఉంది. ఊళ్ళో పంచర్ షాపుకు పోతే అతను వాల్వ్‌లో ఉండే పిన్ను పాతదని మార్చి, గాలి పట్టాడు. చిన్నమ్మ ఫోను చేసింది, ఆయనకు కాదు, నాకు.

“ఏమప్పా, నిలబడినారా?”

చిన్నాయన స్టీరింగు పట్టుకుని నా నోటి వైపే చూస్తున్నాడు.

“నిలబడలేదు చిన్నమ్మా. ఎడమ వెనక టైరులో గాలి పోతా ఉంది. పట్టించినాము.”

“గాలి పట్టించేది తప్పు కాదు. నిలబడితే చెప్పు.”

ఫోను పెట్టాక ఆయన, “గాలి సంగతి చెప్పకుంటే ఏమయితా ఉండె?” అన్నాడు.

“అబద్ధమయితా ఉండె” అన్నాను.

కోలారు చేరేసరికి టైరు మళ్ళీ దిగింది. అక్కడి బజారులో ఇంకొక షాపు. అతను సబ్బునీళ్ళు చేసి టైరు చుట్టూ పోశాడు, రిమ్ము మీద పోశాడు. ఒక్క బుడగ రాలేదు. కొత్త టైరే కదా, ఎండకు అలా అనిపిస్తుందిలే అన్నాడు. టైరు ఎండకు అలా అనిపించడమేమిటో నాకు అర్థం కాలేదు. అడిగాను. అతను చిన్నాయనతో, “ఈయన మీకేం కావాలి?” అన్నాడు. “ఖర్మ” అన్నాడు చిన్నాయన. అదీ రాసుకోండి.

బంగారుపేట దారిలో కాస్త దూరం పోగానే నా కిందున్న పడక ఎడమకు జారడం తెలిసింది. ఇక ఇంటికి మిగిలింది చిన్న దూరమే, కానీ ఆదివారం. దారిలో షాపులన్నీ మూసి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఒకే ఒక్క చింతచెట్టు కింద, రేకుల పందిట్లో పంచర్లు వేసే ఒకాయన భోజనానికి లేవబోతూ కనిపించాడు. ఆయనా సబ్బునీళ్ళు పోశాడు. బుడగ లేదు.

“ఏనిల్ల సార్, హోగి” అన్నాడు చేతులు తుడుచుకుంటూ. ఏమీ లేదు, పొమ్మని.

“చాలు, పదప్పా” అన్నాడు చిన్నాయన. “గాలి నిండా పట్టించినాము. ఊపిరి బిగబట్టి పోతే ఇంటికాడ దిగుతాము.”

“దిగము. మధ్యలో నిలబడతాము. ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకుపోవాల.”

“నిలబడదు. అంతా సరిగ్గానే ఉండాది.” మడమతో ఆ టైరునే ఒక తన్ను తన్ని, ఎక్కి కూర్చుని, బండి తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాడు.

నేను ఎక్కలేదు. పందిట్లో ఉన్న పాత టైరు మీద కూర్చున్నాను. లోపలి నుంచి తిరిగి కొట్టేవాళ్ళు లేరు. ఆయన మళ్ళీ కొట్టాడు. నేను కదల్లేదు. ఇంజను మోగుతోంది, బండి మాత్రం నిలబడే ఉంది. సాక్షి లేకుండా ఇంటికి పోలేడు. అదొక్కటే కాదు. మనిషి కింద ఉండగా, తిరుగు దెబ్బ వినకుండా, ఆ చెయ్యి గేరు వేయదు. నాకు తెలుసు.

ఇంజను ఆపి దిగి వచ్చాడు. ముఖం ఎర్రబడింది. షాపాయన ముందే అరిచాడు.

“అందుకేరా నిన్ను ఆ పొద్దు గనిలోకి తీసకపోలేదు! లోపల ‘ఇంగ చాలు, ఎక్కు’ అంటే ఎక్కేవాడివా నువ్వు? అది చూడాల, ఇది అడగాల అని ఏదో రాతి మీద ఇట్లే కూర్చుంటివి! ఒక్కడు ఎక్కకపోతే కేజ్ కదల్దు. నిన్ను ఆ చీకట్లో వదిలిపెట్టి పైకి రాలేను, నీతో కూర్చోను లేను. నా పై పానాలు పైనే పోతా ఉండె!”

నేను అన్నేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఆ రేకుల పందిట్లో, తిట్టుగా వచ్చింది. నన్ను తీసుకుపోకపోవడానికి కారణం నేనంటే లెక్క లేకపోవడం కాదు. నన్ను కింద వదిలేసి రాలేకపోవడం. అది విని నా కడుపు చల్లబడింది. లేవలేదు మాత్రం.

“సరే” అన్నాను. “ఇప్పుడు పైనే ఉన్నాము కదా. వెలుతురుంది. కోలారులోనూ ఇక్కడా టైరు మీద నీళ్ళు పోశారు, పక్కన పోశారు. నేలకు ఆని ఉన్న చోట ఎవరూ పోయలేదు. బండి అర చుట్టు ముందుకు జరుపు. అది చూడకుండా నేను ఎక్కను.”

“అన్ని తూర్లూ అదే చోటు కిందికి వస్తుందా?”

“వస్తుందో రాదో చూద్దాం.”

షాపాయన అన్నం క్యారియరు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. తెలుగులోనే అన్నాడు, “జరపండి సార్. ఈయన ఈ పొద్దు నన్ను తిననీడు.”

చిన్నాయన ఎక్కి బండిని కాస్త ముందుకు జరిపాడు. మగ్గుతో నీళ్ళు పోశారు. ఒక గాడిలో మట్టి కరిగి కారింది. దాని వెనకే ఒక బుడగ లేచింది. అది పగిలింది. ఇంకొకటి లేచింది. తర్వాత చిన్న చిన్న బుడగలు గుంపుగా, పాలు పొంగినట్టు.

నేను లేచి నిలబడ్డాను. నా జీవితంలో ఎన్నో అర్జీలు పెట్టాను. ఏ అర్జీకీ అంత తొందరగా, అంత స్పష్టంగా జవాబు రాలేదు.

షాపాయన పటకారుతో పట్టి లాగాడు. బయటికి వచ్చింది మేకు కాదు. తుప్పుపట్టిన సైకిలు చువ్వ ముక్క. లోపలి వైపు కొనకు ఎర్ర దారం చుట్టి ఉంది. ఆ దారాన్ని మేమిద్దరమూ ఒకేసారి గుర్తుపట్టాము. దారంతో గుచ్చిన దండ వానకు కుళ్ళి తెగిపోతోందని, చిన్నమ్మ దిష్టి నిమ్మకాయలను సైకిలు చువ్వకు గుచ్చి, జారకుండా కొనకు ఎర్ర దారం చుడుతుంది. కురుడుమలెలో చిన్నాయన చువ్వ నుంచి నిమ్మకాయలు పీకినప్పుడు కొన విరిగి ఒక కాయలో ఉండిపోయింది. ఆ కాయను ఆయనే తన చేత్తో ఎడమ వెనక టైరు కింద పెట్టాడు. వినాయకుడి ఎదురుగా, మంత్రం చదివించి, తన టైరు తానే పంచర్ చేసుకున్నాడు.

ఆయన చువ్వను అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఏదో ఒక మాట అని తప్పించుకుంటాడని నేను సిద్ధంగా ఉన్నాను.

“వద్దని చెప్తివి” అన్నాడు మెల్లగా.

“వినబడలేదు చిన్నాయనా.”

“వద్దని చెప్తివప్పా!” గట్టిగా అన్నాడు. తర్వాత షాపాయన వైపు తిరిగి ఇంకా గట్టిగా, “వీడు చెప్పినాడు స్వామీ, మా అన్న కొడుకు! పూజారి ముందర చెప్పినాడు, రెండు తూర్లు చెప్పినాడు. నేనే వినలేదు!” అని, కడుపు పట్టుకుని నవ్వాడు. దారిన మోటారు సైకిలు మీద పోయే ఒకాయన ఆగి, ఏమైందని అడిగాడు. ఆయనకూ మొదటి నుంచి చెప్పాడు. ఎక్కడైనా ఒక ముక్క వదిలేస్తే నేను అందించాను.

రంధ్రంలో రబ్బరు ముక్క కుక్కి, మూసి, గాలి పట్టారు. చిన్నాయన రెండు దెబ్బలు కొట్టాడు. నేను లోపలి నుంచి నాలుగు కొట్టాను.

బంగారుపేట మీదుగా, కోళ్ళ వ్యాపారి దుకాణం ముందు నుంచే వచ్చాం. అక్కడ అవసరం లేకపోయినా ఆయన హారను కొట్టాడు. మా పేట మలుపు తిరిగేసరికి చిన్నమ్మ వీధిలో నిలబడి ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్ళూ ఉన్నారు. ఇల్లుబండి తన టైర్ల మీద తానే, ఎవరికీ కట్టించుకోకుండా వచ్చి ఇంటి ముందు ఆగింది.

“చెప్పప్పా” అంది చిన్నమ్మ నాతో.

చెప్పాను. ఏదీ దాచలేదు. స్టెప్నీ లేదు. వెనక తలుపు గడియ ఊడిపోతా ఉంది. డ్రమ్ము కారి నా పడక తడిసింది. ఎడమ వెనక టైరు గాలి పోయింది. దావలో మాత్రం నిలబడలేదు. తర్వాత చువ్వ తీసి ఆమె చేతిలో పెట్టాను.

“దిష్టి నిమ్మకాయ టైరు కింద పెట్టింది చిన్నాయన. దానికి చువ్వ గుచ్చింది నువ్వు. వద్దన్నది నేను.”

ఆమె చువ్వను తిప్పి తిప్పి చూసింది. ఎర్ర దారం మీద గోరు ఆనించింది. ఆడవాళ్ళలో ఎవరో ముందు నవ్వారు. చిన్నమ్మ పెదవి బిగబట్టుకుంది గానీ నిలవలేదు, పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాదే ఈ ముడి” అంది చివరికి. “ఇంగ నేనేమని అమ్మమనేది?”

ఆ సాయంత్రమే కోళ్ళ వ్యాపారికి ఫోను చేసింది. “బండి ఇచ్చేది లేదప్పా. కోళ్ళకు ఇంగేదన్నా చూసుకో” అంది. ఇంట్లో మంచం మీద పడుకుని ఉన్న చిన్నాయన ఆ మాట విని లేవలేదు. పక్కకు తిరిగి, గోడ వైపు ముఖం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం కదిలాయి. అది నవ్వో ఏడుపో నేను అడగలేదు. అడగకుండా వదిలేసిన ప్రశ్న నా లెక్కలో అదొక్కటే.

తర్వాతి ప్రయాణానికి చిన్నమ్మ కూడా వచ్చింది. ముందు సీటు నాదని నేను అనుకున్నాను. ఆ బండి ఈ వీధిలో నిలిచిందే నా వల్ల. ఆమె వచ్చి ముందు సీట్లో కూర్చుని, “నువ్వు వెనక్కి పోప్పా” అంది. చిన్నాయన ఒక్క మాట అనలేదు. నా తరఫున ఒక్క మాట. ఇది నేను మరిచిపోలేదు.

వెనక్కి పోయి ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నాను. సరిగ్గా నా కిందే ఆ టైరు. ముందు సీట్లో ఆమె ఏదో అంటోంది, ఆయన “సరిగ్గానే ఉండాది” అంటున్నాడు. ములబాగిలు దాకా తల బయటికి పెట్టి చూశాను. టైరు నిండుగా, గుండ్రంగా, చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. ఎంత వెతికినా అనడానికి నాకు ఒక్క మాట దొరకలేదు.